నాలుగింటికి ఆగిపోయే ఫోను

ఆ ఫోను వచ్చిన డబ్బాను నేనింకా పారేయలేదు. బీరువా మీద పెట్టుకున్నాను. దాని మీద 'ఆరు వేల ఎంఏహెచ్' అని నా వేలంత లావు అక్షరాలున్నాయి. కింద 'రెండు రోజుల బ్యాటరీ' అని. ఆ రెండు రోజులు ఏ ఊళ్లో, ఎవరు, ఎలా గడిపితే వస్తాయో మాత్రం ఎక్కడా రాయలేదు. నా చేతిలో అది ఒక్కనాడు కూడా రాత్రి భోజనాల దాకా బతకలేదు. ఉదయం ఏడింటికి నూరు శాతంతో ఛార్జర్ నుంచి పీకితే, కొత్తలో ఆరున్నరకి పోయేది. మూడో నెల నుంచి నాలుగింటికే పోవడం మొదలైంది.

అమ్మినతను "మేడం, ఛార్జర్ ఎక్కడ పెట్టారో మర్చిపోతారు చూడండి" అన్నాడు. వారం తర్వాత వెళ్లి నిలదీస్తే నన్నెప్పుడూ చూడనట్టు మొహం పెట్టి, "మీ వాడకం హెవీ అండి" అన్నాడు. వాడకం హెవీయట! ఆటలాడతానా, సినిమాలు చూస్తానా? మూసాపేటలో మెట్రో ఎక్కాలంటే టికెట్టు ఫోన్లోనే. దిగి ఆఫీసు దాకా ఎండలో నడిచేటప్పుడు తెర కనిపించాలంటే వెలుగు మొత్తం పెంచాలి. ఆఫీసు గేటు దగ్గర హాజరు ఫోన్లోనే. కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ కోడ్ వచ్చేది ఫోనుకే. మా అపార్టుమెంటుకి ఎవరు పార్సిల్ తెచ్చినా, లోపలికి పంపమంటారా అని మోగేదీ అదే. మా టీము కూర్చునే అద్దాల గదిలో సిగ్నల్ ఒక్క గీత ఉంటుంది. ఆ గీత కోసం అది పొద్దంతా వెతుక్కుంటూనే ఉంటుంది. హైటెక్ సిటీలో పనిచేసే ఎవరికైనా ఇది మామూలు రోజు. ఈ మామూలు రోజుకి పనికిరాని అంకెను డబ్బా మీద అంత లావున అచ్చువేయడానికి సిగ్గుండాలి.

ఆఫీసులో ఛార్జింగ్ పెట్టుకోవచ్చుగా అంటారు. క్లయింట్ నిబంధన ప్రకారం మా గదిలో ఫోను కంప్యూటర్‌కి తగిలించకూడదు. గోడకున్న ప్లగ్గులు రెండు. ముందొచ్చినవాళ్లవే అవి. "పవర్ బ్యాంక్ కొనుక్కో, గొడవ వదిలిపోతుంది" అని మా ఆయన అన్నారు. ఆయనది ప్రభుత్వ ఉద్యోగం, బల్ల పక్కనే ప్లగ్గు. రెండు రోజులు వస్తుందని చెప్పి అమ్మిన ఫోనుకి తోడుగా ఇంకో బ్యాటరీని నేనెందుకు మోయాలి? కొనలేదు.

కొనకపోవడం వల్ల ఏం జరిగిందో చెప్పాలి. ఒక బుధవారం నాలుగూ పదికి మా అత్తగారు నాకు ఫోన్ చేశారు. ఆవిడ పగలంతా ఇంట్లో ఒక్కరే ఉంటారు. షుగర్ పడిపోయి చెమటలు పట్టాయి. మూడుసార్లు చేశారు. మూడుసార్లూ స్విచాఫ్ అని వచ్చింది. చివరికి తలుపు తీసుకుని పక్కింటావిడని పిలిస్తే, ఆవిడ పంచదార నీళ్లు తాగించి ఆటోలో దవాఖానకు తీసుకెళ్లింది. నేను ఏడింటికి వచ్చేసరికి ఇద్దరూ సోఫాలో ఉన్నారు.

"ఏందమ్మా, ఫోన్ బంద్ వెట్టుకుంటివా? పెద్దమ్మ ఎంత పరేషాన్ అయిందో ఎరుకనా నీకు?" అంది పక్కింటావిడ.

నేను నోరు తెరిచేలోపే మా అత్తగారు, "పోనీలెద్దూ, పనిలో ఉంటే ఆపేసుకుంటుంది. అలవాటే" అన్నారు.

అలవాటేనట. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఫోన్ నేనెప్పుడూ ఎత్తకుండా ఉండలేదు. మా ఆయన అక్కడే నిలబడి విన్నారు. విని, బట్టలు మార్చుకోవడానికి లోపలికెళ్లారు. అదీ నాకు గుర్తుంది.

ఫోను నేను ఆపలేదు, దానంతటదే ఆగిపోయిందని ఎవరైనా ముద్ర వేసి రాసివ్వాలి, ఆ కాగితం తెచ్చి ఇంట్లో చూపించాలి అని ఆ రోజే అనుకున్నాను. బ్యాటరీకిచ్చిన ఆర్నెల్ల వారంటీ ఇంకా పదకొండు రోజులుంది. శనివారం పొద్దున్నే మదీనాగూడలో ఉన్న సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను.

ఉత్త చేతులతో వెళ్లలేదు. నేను పందొమ్మిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఒకరు చేసిన దాంట్లో తప్పులు పట్టడం నా వృత్తి. తప్పు చూపిస్తే, చేసినవాడు ముందుగా అనే మాట "నా మెషిన్లో బాగానే నడుస్తోందే" అని. ఆ మాటకి రుజువులు తప్ప వేరే మందు లేదు. అందుకే మూడో నెలలోనే ఫోన్లో మూడు యాప్‌లు వేసుకున్నాను. ఒకటి నిమిషానికోసారి శాతం రాస్తుంది. ఒకటి వేడి రాస్తుంది. ఒకటి ఏది ఎంత లాగుతోందో రాస్తుంది. నాలుగు నెలల గీతలు ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకెళ్లాను.

కౌంటర్లో ఉన్నది నడివయసు మనిషి. ఫోనుకి ఏదో వైరు తగిలించి తెర నా వైపు తిప్పాడు. "చూడుండ్రి మేడం. బ్యాటరీ హెల్త్ తొంభై ఏడు పర్సెంటుంది. మస్తుగుంది."

"మస్తుగా ఉంటే నాలుగింటికి ఎందుకు పోతోంది?"

"మా దగ్గరైతే మంచిగనే నడుస్తుంది మేడం."

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు ఫైలు ఆయన ముందు పరిచాను. ఆయన ఒక్కొక్క కాగితం శ్రద్ధగా చూశాడు. ఇంత శ్రద్ధగా చూసినవాణ్ని నేను మా ఆఫీసులో కూడా ఎరగను.

"గివన్నీ ఎట్ల తీసిన్రు మేడం?"

చెప్పాను. కొంచెం గొప్పగానే చెప్పాను.

"మూడు యాప్‌లా? దినమంత నడుస్తనే ఉంటయా?" అని ఫోన్లో ఏదో నొక్కి చూపించాడు. ఛార్జింగ్ ఎక్కువ తింటున్న యాప్‌ల వరుస అది. మొదటి మూడూ నావే. "ఇంటి కాడ కావలికి ముగ్గురిని వెట్టిన్రు మేడం. బియ్యం తింటున్నది ఆ ముగ్గురే. ఇగ దొంగ యాడికెళ్లి దొరుకుతడు?"

నా వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక్కి తిరిగి చూశాను. పసుప్పచ్చ చొక్కా మనిషి.

మళ్లీ నా కాగితాలకేసి తిరిగాను. ఫోను మూడో నెల నుంచే నాలుగింటికి ఎందుకు పోతోందో అప్పుడు తెలిసింది. కొలవడం మొదలుపెట్టిన రోజు నుంచే పోతోంది. బ్యాటరీ పాడైపోతోందనడానికి అదే రుజువని అన్నాళ్లూ నమ్మాను. నా కింద పనిచేసే కొత్తవాళ్లెవరైనా ఈ తప్పు చేసి ఉంటే మీటింగులో నిలబెట్టి ఉతికేదాన్ని.

అయినా వదల్లేదు. "యాప్‌లు లేనప్పుడు కూడా ఆరున్నరకే పోయేది. రెండు రోజులెక్కడ?"

"డబ్బ మీద రాసేటోడు వేరు, నేను వేరు మేడం. గా మాట నన్నడిగితే ఎట్ల?"

"సరే. మీరు చూసింది చూసినట్టు రాసివ్వండి."

రాసిచ్చాడు. బ్యాటరీలో లోపం లేదనీ, వాడేవారు వేసుకున్న యాప్‌ల వల్ల ఛార్జింగ్ త్వరగా అయిపోయి ఫోను ఆగిపోతోందనీ. ముద్ర కూడా వేశాడు. కింద 'సంతృప్తి చెందాను' అన్నచోట సంతకం పెట్టమన్నాడు. పెట్టనన్నాను.

"సంతకం లేకుంటే కంప్లైంట్ క్లోజ్ గాదు మేడం."

"కాకూడదనే."

బయటికొచ్చి ముంబై హైవే పక్కన నిలబడి మూడు యాప్‌లూ పీకేశాను. బస్సుల పొగ, దుమ్ము, ఎవరో ఉమ్మిన పాన్ మరక. దేన్ని చూసినా రోతగానే ఉంది. అందరికంటే ఎక్కువ నా మీద నాకే రోత పుట్టింది. కాగితం చించేద్దామనుకున్నాను. కానీ ఆ ఫోను దానంతటదే ఆగిపోయిందని లోకంలో ఉన్న కాగితం అదొక్కటే.

ఇంటికెళ్లేసరికి మా అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. ఎదురుగా కూర్చుని కాగితం చదివి వినిపించాను.

"అంటే నువ్వు పెట్టుకున్నవే తినేశాయా?" అన్నారు.

"అవునండి. తప్పు నాదే. కానీ నేను ఆపుకోలేదు. మీరు ఆ రోజు అలవాటే అన్నారు."

"అన్నానా? ఎవరితో?"

"పక్కింటావిడతో. ఈ సోఫాలోనే."

"ఏమోనమ్మా, నాకు గుర్తులేదు." ఆవిడ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "మొదటిసారి చేసినప్పుడు నిలబడే ఉన్నాను. రెండోసారికి గోడ పట్టుకున్నాను. మూడోసారి కింద కూర్చుని చేశాను. మూడుసార్లూ అదే ఆడగొంతు. అది గుర్తుంది."

నా ఫైల్లో నిమిష నిమిషం లెక్క ఉంది. ఆ మూడు ఫోన్లూ మాత్రం అందులో లేవు. చిక్కుడుకాయలు కొన్ని నా ముందుకు లాక్కున్నాను.

ఇప్పుడు ఫోను మళ్లీ ఆరున్నర దాకా ఉంటోంది. పవర్ బ్యాంక్ కొన్నాను, సంచిలో మోస్తున్నాను, మోసినప్పుడల్లా తిట్టుకుంటున్నాను. నాలుగింటికి ఫోన్ వస్తే మొదటి రింగులోనే ఎత్తుతాను. కానీ రాదు. మా అత్తగారి ఫోన్లో ఒకటి నొక్కితే వెళ్లే నంబరు ఇదివరకు నాది. ఆవిడ ఇప్పుడక్కడ పక్కింటావిడ నంబరు పెట్టించుకున్నారు. పెట్టి ఇచ్చింది మా ఆయనే. నాతో ఒక్క మాట చెప్పలేదు.