పుంటికూర నైవేద్యం

నిజాం రాజ్యం పోయిన మరుసటేడు నాకు తొలిచూలు. పుట్టిల్లు కోదాడ, అత్తవారిల్లు సూర్యాపేట; అమ్మ లేదు కనుక కాన్పూ ఇక్కడే. మామగారిది ధాన్యం కొట్టు. ఇంటినిండా బియ్యం బస్తాలున్నా నా కంచంలోకి వచ్చేది గుప్పెడు మెతుకులు. అత్తగారు పిసినారి కాదు, పాపం. ఆమె భయం వేరు.

"కడుపు ఒక్కటే గదనే పిల్లా. అండ్ల బువ్వ ఉంటదా, బిడ్డ ఉంటదా? నువ్వు నిండ తింటే బిడ్డకు జాగ ఏడిది?"

అది చాలక నువ్వులు వేడి, గుమ్మడికాయ వాతం, అరటిపండు జలుబు, పప్పు అరగదు. మిగిలింది చారు. అదీ మగవాళ్లు తిని లేచాక, గిన్నె అడుగున ఉంటే.

ఆరో నెలలో నీళ్ల బిందెతో గడపలోనే కూలబడ్డాను. మంత్రసాని వచ్చి నా కంటి రెప్ప కిందికి లాగి చూసింది.

"రక్తమే లేదు గీ పిల్లకు. గిట్లనే ఉంటే లోపలి బిడ్డ నిలువదు. తిండి వెట్టుండ్రి."

"నేను గిట్లనే ఉండి ఐదుగుర్ని కన్న," అన్నారు అత్తగారు.

"కన్నవు. రెండు దినాలు తెలివి లేకుండ పడి ఉంటివి. పట్టింది నేనే గద!"

 అయినా అత్తగారు తిండి పెంచలేదు. నాకు మాత్రం బిడ్డ కాసేపు కదలకపోతే గుండె ఆగినంత పనయ్యేది.

దారి దేవుడే చూపించాడు. పొరుగింటివాళ్లు వ్రతం చేసుకుని ప్రసాదంగా అరటిపండు పంపారు. అత్తగారు దాన్ని పట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి లెంపలేసుకుని నా చేతిలో పెట్టారు.

"ప్రసాదం కాదనొద్దు. తిను. దేవుడు తిన్నదానికి పథ్యం లేదు."

మా పూజగూట్లో నరసింహస్వామి పటం ఉండేది. ఆ మర్నాటి నుంచి స్వామికి రకరకాల కోరికలు పుట్టాయి. శనివారం నువ్వుల చిమ్మిలి. సోమవారం ముద్దపప్పు, నెయ్యి. బుధవారం గుమ్మడికాయ కూర. నాన్న ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు కనుక, "స్వామికి ఇది ప్రీతి అత్తమ్మా" అంటే ఆమె నమ్మేవారు. ఎక్కడ రాసుందని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. వండిన ప్రతిసారీ దణ్ణం పెట్టుకుని, "ముందు నువ్వు తిను స్వామీ, తప్పయితే చెప్పు" అనేదాన్ని. స్వామి ఏమీ అనలేదు. గుడ్లురిమి చూశాడు గానీ, ఆయన చూపెప్పుడూ అంతే.

ప్రసాదమన్నాక అందరికీ పంచాలి. అక్కడే చిక్కొచ్చింది. ఒకరోజు నాకు గోంగూర పప్పు మీద ప్రాణం కొట్టుకుంది. మా కోదాడ గోంగూర ఇక్కడివాళ్లకు పుంటికూర. పచ్చిమిరపకాయలు దండిగా వేసి వండి, స్వామికి చూపించి, మామగారి అరచేతిలో ఇంత పెట్టాను. ఆయన మహాభక్తులు. ఏ ప్రసాదమైనా కళ్లకద్దుకోనిదే తినరు.

అద్దుకున్నారు.

"వామ్మో! కండ్లు! నా కండ్లు పోయినయ్! ఏం ప్రసాదమే ఇది?"

అత్తగారు చెంబుతో పరుగెత్తుకొచ్చి ఆయన ముఖాన నీళ్లు కొట్టారు. గిన్నెలోకి చూశారు. పటం చూశారు. నా పొట్ట చూశారు.

"పుంటికూర? నరసింహస్వామికా?"

 ఇక నా నైవేద్యాలకు మంగళం అనుకున్నాను. బిడ్డను తలుచుకుని ఏడుపొచ్చింది.

తెల్లారి చూస్తే నాకంటే ముందే అత్తగారు తలస్నానం చేసి పూజగూటి ముందు కూర్చున్నారు. స్వామి ఎదుట పెద్ద గిన్నెడు పాలు, పళ్లెం నిండా బెల్లం, పల్లీలు.

"స్వామి నా కలలకొచ్చిండు," అన్నారు నా వైపు చూడకుండా. "పాలు, పల్లీలు కావాలన్నడు. కారం మాత్రం వద్దన్నడు."

పల్లీల్లో సగం తీసి ఆమె దోసిట్లో పోశాను. "నాకెందుకే?" అన్నారు. "ప్రసాదం అత్తమ్మా, కాదనొద్దు." ఐదు కాన్పుల్లో ఆమెకు ఒక్కరూ పిడికెడు పల్లీలు పెట్టలేదట. ఒక్కొక్కటే నములుతూ నెమ్మదిగా చెప్పారు. ఆ రోజు ఆమెకూ స్వామికీ కలిపి ఒకటే దణ్ణం పెట్టాను.

కాన్పునాడు మంత్రసాని నా కూతుర్ని రెండు చేతులా ఎత్తి, "అబ్బో, బరువుంది! ఏం తిన్నవమ్మా?" అంది.

నేను నోరు తెరిచేలోపే అత్తగారు అందుకున్నారు. "ప్రసాదం."