ఏడు తోరణాలూ దెమావ్ తాతా

మా యూన్‌శీ ఊళ్లో ఫాంగ్ దెమావ్ తాతకు ఉన్న జబ్బు ఒక్కటే. ఆయన ప్రతిదానికీ నిర్ఘాంతపోతాడు. తెల్లారితే నిర్ఘాంతపోతాడు. వాన కురిస్తే నిర్ఘాంతపోతాడు, వెలిస్తే ఇంకాస్త ఎక్కువగా నిర్ఘాంతపోతాడు. డెబ్బై ఆరేళ్లుగా ఈ లోకంలో ఉంటున్నా నిన్ననే దిగినవాడిలా గుండె మీద చెయ్యి వేసుకుని తిరుగుతాడు.

ఊరి దారి మీద వరసగా ఏడు రాతి తోరణాలున్నాయి. మా ఫాంగ్ వంశంలో గొప్పగా బతికినవాళ్ల పేర చక్రవర్తులు కట్టించినవి. తాత పుట్టి పెరిగింది వాటి కిందే. అయినా రోజూ పొద్దున్న మొదటి తోరణం దగ్గర ఆగి తలెత్తేవాడు.

"ఓరి నాయనో! ఇంత ఎత్తా! ఇదెప్పుడు కట్టార్రా?"

ఆ పక్కనే ఉన్న బడిలో నేను పంతుల్ని. కిటికీలోంచి నేనే జవాబు చెప్పాలి.

"నాలుగొందల ఏళ్లయింది తాతా."

"నాలుగొందలా!" అని అరుగు మీద కూలబడేవాడు. లేచి రెండో తోరణం దగ్గరికి వెళ్లి, "ఇంకోటి ఉందా!" అనేవాడు. పది నిమిషాల దారి ఆయనకు గంట పట్టేది.

మూడో తోరణం కింద రుయ్‌లాన్ టోఫు బండి ఉండేది. మా వైపు టోఫుకు, అంటే సోయా పాల జున్నుకు, తెల్లగా నూగులా బూజు పట్టించి, అప్పుడు నూనెలో వేయించి తింటాం. మా తాతలూ అదే తిన్నారు. దెమావ్ తాత మాత్రం రోజూ ముక్క మీదికి వంగి, "అమ్మాయ్! దీనికి బూజు పట్టిందే!" అని కేక పెట్టేవాడు.

"పట్టాలనే పెట్టాను తాతా."

"కావాలనా!" అని, ఆ దిగ్భ్రాంతిలోనే ఆరు ముక్కలు తినేవాడు.

పట్నం నుంచి బస్సుల్లో జనం తోరణాలు చూడటానికి రావడం మొదలైన కొత్తలో, పసుపు జెండా పట్టుకున్న ఒక పిల్ల వాళ్లను వెంట తిప్పేది. కొత్త ఉద్యోగం, పీలగొంతు. "వీటిలో ఒక్క మేకు కూడా లేదండీ" అని ఆ పిల్ల చెబుతుంటే జనం ఆవలిస్తూ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నారు. వెనక నుంచి పెడబొబ్బ వినిపించింది.

"మేకు లేకుండానా! మరెలా నుంచుందమ్మా!"

నలభై తలలూ ఒక్కసారి పైకి లేచాయి. ఇద్దరు భయపడి పక్కకు కూడా జరిగారు. ఆ రోజు నుంచి ఆ పిల్ల బస్సు దిగగానే ముందు తాత కోసం వెతికేది.

ఊరికి కొత్తగా డాక్టరు వచ్చినప్పుడు ఇంకో తమాషా జరిగింది. కుర్రవాడు కదా అని ఎవరూ అతని గడప తొక్కలేదు. తాత వెళ్లాడు. రక్తపోటు నూట అరవై అని డాక్టరు చెప్పగానే, "నూట అరవయ్యా!" అని తాత నిర్ఘాంతపోయాడు. డాక్టరు కంగారుపడి మళ్లీ చూస్తే నూట ఎనభై. అది చెబితే మూడోసారికి రెండొందలు. చివరికి ఆయన్ని బయటకు పంపి, వీధిలో నుంచుని ప్రకటించాడు.

"ఈ పెద్దాయనకి ఎవరూ కొత్త సంగతులు చెప్పకండి. ప్రాణం మీదికొస్తుంది!"

ఒక్క మాటతో ప్రాణం మీదికి తెచ్చే డాక్టరు ఎవరా అని మర్నాటికి ఊరంతా అతని గుమ్మంలో ఉంది.

ఇక అసలు సంగతి. టోఫు రుయ్‌లాన్ మొగుడు జ్వరంతో పోయి ఆరేళ్లయింది. ఏటి అవతల ఇంటి కప్పులు బాగుచేసే చాంగ్‌శెంగ్ ఆమెను చేసుకుంటానన్నాడు. మంచివాడు. ఊళ్లో ఎవరూ కాదనలేదు. పేచీ అంతా దారి దగ్గర వచ్చింది.

మా ఊరి ఆడపిల్ల పెళ్లయి వెళ్లేటప్పుడు టపాకాయల మోతతో ఏడు తోరణాల కిందుగా వెళ్తుంది. విధవ మారుమనువుకు వెళ్తే మాత్రం పెరటి తలుపు తీసుకుని, చేలగట్టు మీదుగా, చప్పుడు లేకుండా వెళ్లాలి. అందులోనూ ఆ మూడో తోరణం ఇరవై రెండేళ్లకే మొగుడు పోయి, మళ్లీ ఎవరినీ కన్నెత్తి చూడని ఒక మహా ఇల్లాలి పేర కట్టింది.

"పెళ్లి చేసుకోమ్మా. గట్టు మీంచి వెళ్లిపో, సరిపోద్ది" అన్నాడు వంశపెద్ద శౌయీ, తెల్లగడ్డం నిమురుకుంటూ.

"నేనేమైనా దొంగతనం చేసి పోతన్నానా? పోతే పట్టపగలు తోరణాల కిందనుంచే పోతా. కాదంటే నాకీ పెళ్లే వద్దు" అంది రుయ్‌లాన్.

శౌయీ చేతిలోంచి టీ గిన్నె జారి పగిలింది. ఊరు ఊరంతా నోరు తెరిచింది. నేనూ తెరిచాను, అబద్ధమెందుకు.

శౌయీకి ఎనభై నిండినా వంశ వరసలో దెమావ్ తాతే పై తరం. అంచేత ఆఖరి మాట తాతదే. శౌయీ అక్కడే ఎత్తు వేశాడు.

"మా బాబాయి ముందు నీ నోటితో ఈ మాట అనవే చూద్దాం! ఆయనకేదైనా అయితే ఆ పాపం నీదే."

బూజు టోఫుకే గుండె పట్టుకునే మనిషి ఇది వింటే బతుకుతాడా? పిల్ల భయపడి వెనక్కి తగ్గుతుందని అందరం అనుకున్నాం. తగ్గలేదు. మర్నాడు పొద్దున్న మూడో తోరణం కింద ఊరంతా చేరింది. డాక్టరు రక్తపోటు యంత్రంతో వచ్చాడు. శౌయీ భార్య వేడి చక్కెర నీళ్లు పట్టుకుంది. తాత పడిపోకుండా వెనక కుర్చీ వెయ్యడం నా వంతు. రుయ్‌లాన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

తాత మొదటి తోరణం చూసి కూలబడి, రెండోది చూసి నిర్ఘాంతపోయి, మా దగ్గరికొచ్చాడు.

"ఇంతమందా! కుర్చీ కూడానా!"

"తాతా," అంది రుయ్‌లాన్. "నేను చాంగ్‌శెంగ్‌ని చేసుకుంటన్నా. పగటిపూట ఈ తోరణాల కిందనుంచే పోతా."

నేను కుర్చీ ఆయన మోకాళ్ల వెనక్కి జరిపాను. డాక్టరు కళ్లు మూసుకున్నాడు.

"ఊఁ. ఎప్పుడమ్మా?" అన్నాడు తాత.

"బాబాయ్! సరిగా విన్నావా?" అన్నాడు శౌయీ.

"విన్నాన్రా. పెళ్లయి పోయే పిల్ల ఇటు కాక ఎటు పోద్ది? మొన్న మీ పంది కూడా ఇటే పోయింది. దానికి లేని అడ్డం ఈ పిల్లకెందుకు? ఇందులో వింతేముంది?"

శౌయీ వెనక్కి తూలాడు. కుర్చీ ఆయనకే వేశాను. చక్కెర నీళ్లు ఆయనే తాగాడు. డాక్టరు రక్తపోటు పట్టీ ఆయనకే చుట్టాడు. తాత ఈలోగా బండి మీదికి వంగి, "అమ్మాయ్! దీనికి బూజు పట్టిందే!" అన్నాడు.

"పట్టాలనే పెట్టాను తాతా" అని రుయ్‌లాన్ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

పెళ్లినాడు ఎర్ర గొడుగు పట్టి, టపాకాయలు పేల్చి, ఏడు తోరణాల కిందుగానే సాగనంపాం. ముందు నడిచింది తాతే. ఒక్కో తోరణం దగ్గరా ఆగి ఆయన నిర్ఘాంతపోతుంటే ఎంత ఆలస్యమైందంటే, ఊరి చివర కాచుకున్న పెళ్లికొడుకు పిల్ల మనసు మార్చుకుందేమోనని బెంగపడి ఎదురొచ్చేశాడు.

నాకు మాత్రం ఆ సంగతి మింగుడుపడలేదు. ఊరేగింపు వెళ్లిపోయాక అడిగేశాను.

"అన్నిటికీ అదిరిపోతావే, ఆ రోజేమైంది తాతా?"

"ఊరంతా నోళ్లు తెరుచుకుని నుంచున్నారు. ఆ పిల్ల చేతులు చూశావా, ఎలా వణికాయో? మళ్లీ నేనూ ఎందుకురా?"

"అంటే, మిగతా రోజుల్లో..."

"రుయ్‌లాన్ తన బూజు తను మెచ్చుకుంటే బాగోదుగా! నేను కేకేస్తే నలుగురు వచ్చి కొంటారు. ఆ జెండా పిల్ల మాటా అంతే, డాక్టరు మాటా అంతే."

"రక్తపోటు?"

"అది నిజమేరా!"

నాకు ఇంకో అనుమానం వచ్చింది. పదేళ్లుగా రోజూ సాయంత్రం నా బడి ముచ్చట్లు ఆయనకు చెబుతున్నాను. ప్రతిదానికీ కళ్లు ఇంతింత చేసుకుని వినేవాడు.

"మరి నా ముచ్చట్లు తాతా?"

తాత తోరణం వైపు చూశాడు. "ఒక్కటైనా కొత్తది చెప్పావట్రా ఎప్పుడైనా?" అన్నాడు మెల్లగా.

నేను అక్కడే ఉన్న కుర్చీలో కూలబడ్డాను. ఆయన నా వైపు తిరిగి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఓరి నాయనో! పంతులు కూర్చున్నాడే!"