మొదటి అచ్చులో ఊపిరి

తెల్లవారుజాము నుంచి ముసురు పట్టింది. పదిమందిమి నారు తీస్తున్నాం. ఎనిమిదింటికి ఆలస్యంగా వచ్చిన కూలామె గట్టు మీద గొడుగు మడుస్తూ, "బ్యాండు మేష్టారు పోయారండి. నిద్రలోనే అంట," అంది. చేతిలో కట్ట కట్టేసి ఒడ్డెక్కాను. మిగతావాళ్ళను పని ఆపమనలేదు. నారు ముదిరిపోతోంది. ఆయన ఉన్నా ఆపనిచ్చేవారు కారు.

మేష్టారు మా పక్కింటాయన. రామచంద్రపురం చుట్టుపక్కల నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళకు ట్రంపెట్ వాయించారు. నా పెళ్ళి ఊరేగింపులో ముందు నడిచిందీ ఆయనే. ఇది అందరికీ తెలుసు. ఆయన దగ్గర జాజ్ రికార్డులు ఉండేవని తెలిసినవాళ్ళు తక్కువ. జాజ్ అంటే ట్రంపెట్టూ పియానో డ్రమ్మూ కలిసి, అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే అమెరికా సంగీతమని ఆయనే నాకు చెప్పారు. ఆయన గురువు కుర్రతనంలో కలకత్తా హోటల్లో వాయించి వచ్చిన మనిషి. ఆ గురువు ఇంట్లో విన్న ఒక రికార్డు ఈయన్ను పట్టుకుంది.

పెళ్ళిళ్ళ కాలం బాగుంటే ఏడాదికి ఒక రికార్డు కొనేవారు, ఆన్‌లైన్ వేలంలో. ఆయనకు ఫోను చేతకాదు. ఫోను నాది, చదివి చెప్పే పనీ నాది. అన్నీ మొదటి అచ్చువే కావాలి. అదే పాట తర్వాత వేసిన అచ్చులో చవగ్గా దొరుకుతోంది కదా మేష్టారూ అని ఒకసారి అన్నాను.

"ఏమయ్యా, నువ్వు ఫౌండేషన్ సీడు కొంటావు, నాలుగేళ్ళు ఇంట్లో కట్టుకున్న విత్తనమూ చల్లుతావు. రెండూ మొలుస్తాయి. ఏది నయమో నేను చెప్పాలా నీకు?"

రికార్డు వచ్చాక బ్యాటరీ షాపు నుంచి తెచ్చిన డిస్టిల్డ్ వాటర్‌తో కడిగేవారు. గిన్నెల స్టాండులో పళ్ళేల మధ్య నిలబెట్టి ఆరబెట్టేవారు. ఆ పూట మేష్టారి భార్య పళ్ళేలు నేల మీద పెట్టుకునేవారు.

గురువు ఇంట్లో విన్న రికార్డు మాత్రం ఎన్నాళ్ళు చూసినా దొరకలేదు. దాని తర్వాతి అచ్చు ఆయన దగ్గరుంది. అందులో ట్రంపెట్ మోగుతుంది గానీ, వాయించేవాడి ఊపిరి వినపడదట, గీతల చప్పుడుతో పాటు తుడిచేశారట. "గాలి ఊది బతికినవాణ్ణి. ఆయన ఎక్కడ తీసుకున్నాడో వినాలి నాకు," అనేవారు. రెండేళ్ళ క్రితం కాకినాడలో చెవుల డాక్టరు, వినికిడి ఇంక ఎన్నాళ్ళో ఉండదు, సన్నటి శబ్దాలు ముందు పోతాయని చెప్పాక ఆ తొందర ఎక్కువైంది.

"పెళ్ళాం పిలిస్తే పలకరు గానీ, ఎవడో అమెరికా ఆయన ఊపిరి వినాలంటండీ ఈయనకి!" అని ఆవిడ నాతో అనేవారు. మేష్టారు నిజంగానే వినపడనట్టు కూర్చునేవారు.

నిరుడు ఎండాకాలం, దాళ్వా పంట ఆఖర్న ఆ రికార్డు వేలానికి వచ్చింది. మన పొద్దున్న ఆరింటికి ముగుస్తుంది. ఎంతవరకు వెళ్ళగలమో ముందే రాసి పెట్టుకునే వీలుంది, పెడదామా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. రేవులో చేపల వేలం చూసిన మనిషి. "ముందే నోరు తెరిస్తే పక్కవాడు పెంచుతాడు. ఆఖరి అర నిమిషంలో కొట్టాలి," అన్నారు. ఆయన పద్ధతి ఎప్పుడూ అదే.

అప్పటికి కాలువకు వంతులు పెట్టారు. మా చేనికి నీటి వంతు అదే తెల్లవారుజామున పడింది. ఫోను పట్టుకునే వెళ్ళాను. ఆరింటికి పది నిమిషాలుందనగా తూముకు గుర్రపుడెక్క అడ్డంపడి నీరు ఆగిపోయింది. ఫోను తువ్వాల్లో చుట్టి గట్టు మీద పెట్టి కాలువలోకి దిగాను. డెక్క లాగి, నీరు చేలోకి మళ్ళించి, చేతులు తుడుచుకుని చూసేసరికి ఆరూ రెండు. మేము అనుకున్నదానికంటే తక్కువకే ఎవరో తీసుకున్నారు.

ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆయన అరుగు మీద ఉన్నారు.

"చేను తడిసిందా?" అన్నారు.

"తడిసిందండి."

"మరింకేం. కాఫీ తాగి వెళ్ళు."

ఆవిడ కాఫీ తెచ్చి ఇచ్చారు. ఇద్దరిలో ఎవరైనా ఒక మాట తిట్టి ఉంటే బాగుండేది.

ఆ కార్తీకంలో ఇంకొక ప్రతి వచ్చింది. ఈసారి ఆయనకు చెప్పకుండా ముందురోజే మా హద్దు పెట్టేసి పడుకున్నాను. దక్కింది. పార్సిల్ రావడానికి నెల పైన పట్టింది. ఆ నెలలో ఆయన ట్రంపెట్ పెట్టె తెరవడం మానేశారు. తను ఊదింది తనకే సరిగా వినపడటం లేదన్నారు.

పార్సిల్ మధ్యాహ్నం వచ్చింది. లేబుల్ పక్కన ఖాళీ అంచు మీద మొదటి అచ్చు గుర్తుగా గీసిన అంకెల్ని భూతద్దంతో చూసి, "ఇదే," అన్నారు. కడిగి, ఆరబెట్టి, నాలుగింటికి పెట్టారు. స్పీకరు దగ్గరికి కుర్చీ జరుపుకుని చెవికి మిషను సర్దుకున్నారు. కుడిచేతి మూడు వేళ్ళూ తొడ మీద ట్రంపెట్ మీటలు నొక్కుతున్నాయి. కాసేపటికి ఆగిపోయాయి.

"ట్రంపెట్ వస్తోంది. ఊపిరి రావట్లేదు," అన్నారు. నా వైపు తిరిగి గట్టిగా, "నువ్వు విను. ఆయన ఎక్కడ తీసుకుంటే అక్కడ వేలెత్తు," అన్నారు. ముల్లు మళ్ళీ మొదట్లో పెట్టారు.

నేను విన్నాను. నాకు ట్రంపెట్, డ్రమ్మూ, వెనక చిన్న చిటపటా తప్ప ఏమీ తెలియలేదు. ఆయన నా చేతినే చూస్తున్నారు. తూము దగ్గర పోగొట్టింది నేనే. ఎక్కడో ఒకచోట ఎత్తేద్దామనిపించింది. వేలు కదిలింది కూడా.

"వినపడకపోతే లేదని చెప్పు. అబద్ధం వద్దు," అన్నారు.

"లేదండి. నాకు తెలియట్లేదు."

ఆయన తల ఊపారు. రికార్డు తీయబోతున్నారు. వంటింటి గుమ్మంలో బియ్యం చేటతో నిలబడ్డ ఆవిడ, "ఉండండి," అన్నారు. చేట కింద పెట్టి వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నారు. కాసేపు విని వేలెత్తారు. మళ్ళీ ఎత్తారు. మూడోసారి ఎత్తి, "ఇక్కడ దొంగతనంగా తీసుకున్నాడు. మీకూ ఉండేది ఆ అలవాటు," అన్నారు. ఆయనకు ఆ మాట అందలేదు. వేలు చూస్తున్నారు. ఆవిడ వేలు లేచినప్పుడల్లా ఆయన ఛాతీ నింపుకున్నారు. తొడ మీద మూడు వేళ్ళూ మళ్ళీ కదిలాయి.

మొదటి వైపు అయ్యేసరికి నాలుగున్నర దాటింది. ఆవిడే లేచి రికార్డు తిప్పి పెట్టారు. నేను ఐదింటికి వచ్చేశాను.