తలుపు కొలవని బల్ల

మా మావయ్య వడ్రంగి. కోయడం ఆయన వంతు, కొలవడం మా అత్త వంతు. పెళ్లయిన నాటి నుంచీ టేపు అత్త కొంగునే ఉండేది. ఆమె సుద్దముక్కతో గీత గీయనిదే ఈయన రంపం ఎత్తేవాడు కాదు. ఆ దుకాణంలో పాలిష్ పని నాది, కాబట్టి వాళ్ల పోట్లాటలన్నీ నాకు కంఠతా వచ్చు.

ఒకరోజు పెద్ద సమావేశ మందిరం నుంచి కబురొచ్చింది. చిక్కుల్లో పడ్డ దేశాలకు అప్పులిచ్చే ఉమ్మడి నిధి ఒకటుందట. అందులో ఎక్కువ సొమ్ము వేసిన దేశం ఒక్కటి సరేనంటేనే పని జరుగుతుంది, మిగతావాళ్లు నోరు మూసుకోవాల్సిందే. ఆ పద్ధతి మార్చుకుందామని అందరూ వస్తున్నారు. పొడుగు బల్లయితే తలవైపు ఎవరు కూర్చోవాలని అప్పుడే తగువు మొదలైంది. అందుకని గుండ్రటి బల్ల కావాలన్నారు.

మావయ్యకు పట్టపగ్గాల్లేవు. "ఇది దేశాల వ్యవహారం, నీకు తెలీదు. కొలతలు నేనే చూసుకుంటా," అన్నాడు అత్తతో. అత్త టేపు ఆయన చేతిలో పెట్టి, మూతి ముడుచుకుని లోపలికెళ్లిపోయింది.

బల్ల అద్దంలా వచ్చింది. సమావేశానికి ముందురోజు పొద్దున్నే తీసుకెళ్లాం. మావయ్య హాలంతా కొలిచాడు గానీ తలుపు కొలవలేదు. నిలబెట్టినా, వాల్చినా, తిట్టినా బల్ల లోపలికి పోదే!

"రేపటికి బల్ల లేకపోతే ఇక మీకు పనిచ్చేవాళ్లుండరు, పెద్దాయనా," అన్నాడు మందిరం మేనేజరు.

మావయ్య మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. నాకు నిజంగా జాలేసింది.

"మీ అత్తకి ఫోన్ చెయ్యరా," అన్నాడు.

"నువ్వే చెయ్యి మావయ్యా."

చేశాడు. "ఏమేవ్... ఒకసారి రాగలవా?" ఆ గొంతు ఆయనదేనా అనిపించింది.

అత్త వచ్చి తలుపు చూసింది, బల్ల చూసింది, చివరికి ఆయన్ని చూసింది. టేపు లాక్కుని కొలిచి, బల్లకు అడ్డంగా గీత గీసి, టేపు మళ్లీ ఆయనకే ఇచ్చేసింది. "కొయ్యి. లోపల కలిపి కింద పట్టీలు బిగిద్దాం."

"నిండు బల్లని కొయ్యమంటావా?"

"మరి గోడని కోస్తావా?"

కోశాడు. సాయంత్రానికి బల్ల హాల్లో ఉంది.

తర్వాతి వారం ముగ్గురం భోంచేస్తుంటే టీవీలో మా బల్ల కనిపించింది. ఎంత వెతికినా అతుకు కనపడలేదు. ఇకపై ఏ ఒక్క దేశమూ తనంతట తాను నిర్ణయించకూడదనీ, మిగతావాళ్లను కలుపుకునే ముందుకెళ్లాలనీ ఒప్పందం కుదిరిందని వార్తలు చదివే అమ్మాయి చెబుతోంది.

అత్త రిమోట్ అందుకుని సౌండు పెంచింది.

"వినపడిందిలేవే," అన్నాడు మావయ్య, జేబులోని టేపు తీసి ఆమె వైపు జరుపుతూ.