ఇస్త్రీ కొట్టు సాక్ష్యం

అమ్మమ్మకు అబద్ధాలాడటం రాదని ఎవరైనా అన్నారంటే, వాళ్లు ఆమె దగ్గర ఒక్క చొక్కా కూడా ఇస్త్రీ చేయించుకోలేదని అర్థం. "సాయంత్రానికి ఇచ్చేస్తా" అనేది ఆమె రోజూ ఆడే చిన్న అబద్ధం. పెద్దవి వేరే ఉన్నాయి.

ఆమె కొట్టు వీధి మొదట్లో, మూడంతస్తుల ఇంటి కింద ఉంది. షట్టరు సగం దాకానే లేస్తుంది. లోపల దుప్పటి పరిచిన బల్ల, కరెంటు ఇస్త్రీపెట్టె, మూతకు చిల్లులు పొడిచిన నీళ్ల సీసా, గోడవారగా మూటలు. ఎవరొచ్చినా తల వంచాల్సిందే, అమ్మమ్మ తప్ప. పొట్టి గనుకనా అని అడిగితే ఇస్త్రీపెట్టె ఎత్తి చూపిస్తుంది.

ఎవరికైనా ఉద్యోగం ఇచ్చేముందు, కంపెనీల తరపున వాకబు చేసే ఆఫీసు నుంచి ఒక మనిషి ఫైలు పట్టుకుని వీధిలోకి వస్తాడు. ఫలానా ఆయన ఇక్కడే ఉంటాడా, ఎన్నాళ్లుగా, నడవడి ఎలాంటిది, కేసులేమైనా ఉన్నాయా అని అడుగుతాడు. పగలు ఇళ్ల తలుపులన్నీ మూసి ఉంటాయి గనుక వచ్చినవాడు ఆగేది ఇస్త్రీ కొట్టు దగ్గరే. తాగి మెట్ల మీదే పడిపోయేవాడు అమ్మమ్మ నోట "వేళకి ఇల్లు చేరే మనిషి" అయ్యాడు. భార్యతో రోజూ గిన్నెలు విసిరించుకునేవాడు "నెమ్మదస్తుడు" అయ్యాడు. ఆమె స్టూలు తీసుకెళ్లి ఏడాదైనా తిరిగివ్వనివాడికి కూడా "చెయ్యి శుభ్రం" అని చెప్పి, అడిగినాయన సందు తిరిగాక ఆ స్టూలు కోసం శాపనార్థాలు పెట్టింది.

దానికో కారణం ఉంది. తాతయ్య పోయేనాటికి ఆమెకు ముప్పై ఏళ్లు, చంకలో ఒకడు, చేతిని పట్టుకుని ఒకతె. ఒక ఆసుపత్రిలో ఆయా పని దాదాపు వచ్చినట్టే వచ్చింది. విచారించడానికి వచ్చినాయనతో పక్కింటావిడ, "మంచిదే పాపం, చిన్నవాడికి ఎప్పుడూ జ్వరమే, ఎన్ని రోజులు పనికి రాగలదో మరి" అంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పని మాత్రం రాలేదు. ఆ తర్వాతే ఇస్త్రీపెట్టె పట్టింది. తనను అడిగినవాళ్లకు మంచి తప్ప మరొకటి చెప్పకూడదని అప్పుడే నియమం పెట్టుకుంది.

మెట్లకింది అబ్బాయి విషయంలోనూ అదే చేసింది.

అబ్బాయంటే ముప్పై మూడేళ్లవాడు. ఆ ఇంట్లోనే, మెట్ల కింది గదిలో ఎనిమిదేళ్లుగా అద్దెకు ఉన్నాడు. వ్యాను నడిపేవాడు. వ్యానులో దొంగసరుకు దొరికింది. ఎక్కించినవాళ్లలో తనూ ఉన్నానని కోర్టులో ఒప్పుకుని పదకొండు నెలలు జైల్లో ఉన్నాడు. అన్నాళ్లూ కూతురితో ఆ గదిలోనే నెట్టుకొచ్చిన భార్య, అతను తిరిగొచ్చిన వారానికి పుట్టింటికి వెళ్లిపోయింది. నెలజీతం ఉద్యోగం దొరికితే వస్తానంది. దొరక్కపోతే రానంది.

మందుల గోదాములో డ్రైవరు ఉద్యోగానికి పిలుపొచ్చిన రోజు అమ్మమ్మ అతని చొక్కాను రెండుసార్లు ఇస్త్రీ చేసింది. వారం తిరక్కుండానే ఫైలు పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది.

"మెట్ల కింద గదిలో ఉండే డ్రైవరుగారు మీకు తెలుసా అండీ?"

"తెలియకపోవడమేంటి తల్లీ. ఆ మూట మీద కూర్చో. ఫర్వాలేదు, అందులో ఉన్నవి బట్టలే, గుడ్లు కావు."

అమ్మాయి నవ్వి కూర్చుంది. "ఎన్నాళ్లుగా ఉంటున్నారు?"

"ఎనిమిదేళ్లు."

"మధ్యలో కొన్ని నెలలు ఎక్కడికైనా వెళ్లారా?"

ఈ పిల్ల వల వేస్తోంది అనుకుంది అమ్మమ్మ. "ఎక్కడికెళతాడమ్మా? ఒక్కరోజు ఊరు దాటి ఎరగడు."

"బాగా గుర్తు తెచ్చుకోండి. పోయిన ఏడాది?"

"పోయిన ఏడాది వాడి చొక్కాలు నేను కాక మీ అమ్మ ఇస్త్రీ చేసిందా? వారానికి ఆరు. నీలం గళ్లదానికి కాలరు మాడిందని నాతో గొడవ కూడా పడ్డాడు."

కాలరు మాడిన మాట నిజమే, కానీ ఆ చొక్కా రెండో అంతస్తులో ఉండే టైపిస్టుది. అబద్ధానికి గుండీలు కుట్టడంలో అమ్మమ్మకు సాటి లేరు.

"పోలీసు కేసులేమైనా?"

"ఛ, చీమ కనిపించినా పక్కకి తప్పుకునే మనిషి."

అమ్మాయి ఇంకేదో అడగబోయి మానేసి కాగితం అందించింది. అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని, ఒక్క ముక్కా చదవకుండా సంతకం చేసింది.

మూడో రోజు మధ్యాహ్నం అతను వచ్చి షట్టరు బయటే నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఆ అమ్మాయికి ఏం చెప్పావు?"

"బంగారమని చెప్పా. ఎప్పుడు చేరమన్నారు?"

"జైలు సంగతి?"

"నన్ను కోసినా చెప్తానా?"

"నేను చెప్పాను." అతని గొంతు పెరగలేదు. "దరఖాస్తులోనే రాశాను. ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎందుకు, అన్నీ. దాచకుండా రాశావు, వాకబులో కూడా ఇదే తేలితే తీసుకుంటానన్నాడు మేనేజరు."

అమ్మమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "మరి నాకొక్క మాట చెప్పొద్దూ?"

"చెప్తే నేర్పించినట్టవుతుందని ఊరుకున్నా. నిజం చెప్పమని నీకు నేర్పాల్సి వస్తుందనుకోలేదు."

"ఇప్పుడేమంటాడు?"

"కాగితంలో నిజం రాసి, వీధిలో అబద్ధం చెప్పించావంటాడు. ఇరుగుపొరుగుతో చెప్పించినవాడివి రేపు గేటు దగ్గర సరుకు లెక్కచూసే గుమస్తాతో చెప్పించవా అన్నాడు."

మర్నాడు అమ్మమ్మ కొట్టు మూసి, రెండు బస్సులు మారి ఆ ఆఫీసుకు వెళ్లింది. వీధంతటికీ మడత నలగకుండా చూసే మనిషి నలిగిన బట్టలతోనే బయలుదేరింది. గంటన్నర కూర్చున్నాక అమ్మాయి బయటికొచ్చింది.

"నేనే అబద్ధమాడానమ్మా. అతను చెప్పమనలేదు. నా బుద్ధే అంత."

"ఎవరైనా చెప్పి పంపినా ఇదే మాట అంటారు కదండీ."

"మరి నన్నేం చెప్పమంటావు?"

అమ్మాయి చెడ్డపిల్ల కాదు. "మధ్యలో ఎక్కడికైనా వెళ్లారా అని అందుకే రెండుసార్లు అడిగాను. మీరు అవునని ఉంటే సరిపోయేది."

"ఆ కాగితమేదో నాకు చూపించొచ్చుగా."

"చూపించి అడిగితే అది విచారణ ఎలా అవుతుందండీ? మీరిప్పుడు చెప్పింది కూడా రాసి పంపుతాను. కానీ నిన్ననే వేరేవాళ్లను తీసుకున్నారు."

తిరుగు బస్సులో అమ్మమ్మకు పక్కింటావిడ గుర్తొచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆమెను తిడుతున్న తిట్లన్నీ ఇప్పుడు ఎటు తిప్పాలో తోచక, దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు వెళ్లిపోయింది.

రెండు నెలల తర్వాత అతను ఫ్లాట్ల కాపలా పనికి దరఖాస్తు పెట్టాడు. ఆ సంగతి తనే వచ్చి చెప్పాడు.

"ఈసారి నిజమే చెప్తా నాయనా. నెలలతో సహా చెప్తా."

"వద్దు పెద్దమ్మా. వాకబు చేసేది ఆ ఆఫీసే. నీ సంతకం వాళ్ల దగ్గరుంది. ఇప్పుడు నువ్వేం చెప్పినా నేను నేర్పించినట్టే ఉంటుంది. నేను తెలియదని చెప్పు, చాలు."

ఈసారి ఒక నడివయసాయన వచ్చాడు. అమ్మమ్మ తల ఎత్తలేదు.

"మెట్ల కింద ఉండే అతను..."

"తెలియదు బాబూ."

"ఒకే ఇల్లు కదండీ? ఎనిమిదేళ్లుగా ఉంటున్నాడట."

"నేనెవరినీ పట్టించుకోను."

మెట్ల పక్కన కుళాయి కింద బిందె నిండి పొర్లుతోంది. మెట్లకింది అబ్బాయి అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన రాసుకుని వెళ్లిపోయేదాకా కుళాయి కట్టలేదు.

కాపలా పని కూడా రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. ఎనిమిదేళ్లున్నా పక్కవాళ్లకు తెలియని మనిషిని ఎవరు కాపలా పెట్టుకుంటారని అమ్మమ్మకు అనిపించింది గానీ ఆ మాట అతనితో అనలేదు. అతని భార్య ఫోను చేయడం మానేసిందని రెండో అంతస్తు టైపిస్టు చెబితే, వింటూనే తర్వాతి చొక్కా అందుకుంది.

నెలాఖరున అతను గది ఖాళీ చేశాడు. వెళ్లేముందు కొట్టు దగ్గర ఆగి, "వెళ్లొస్తా పెద్దమ్మా" అన్నాడు. అందరి సంగతులూ ఆరా తీసే అమ్మమ్మ ఎక్కడికని మాత్రం అడగలేదు. ఎవరైనా ఫైలు పట్టుకుని వస్తే, ఈసారి నిజంగానే తెలియదని చెప్పొచ్చని.