పాడె సీను ముందే చెప్పే మనిషి

డెబ్భైల్లో వరంగల్‌లో మేం ఆడే సాహస హాస్య నాటకానికి టికెట్లు చింపే పెద్దాయన ఒక్కచోట నిలబడేవాడు కాదు. కాళ్లు మార్చుకుంటూ, వచ్చినవాళ్లను ఆపి, నాటకం వాళ్లకు పడుతుందో లేదో చెప్పేవాడు.

"తుపాకి మోత ఉంటది. పిల్లలు జడుసుకుంటరు."

ఒకరోజు ఊళ్లోనే ఉన్న కాశిబుగ్గ నుంచి, భర్త పోయి ఏడాది తిరగని ఆవిడ వచ్చింది.

"నీకొద్దు చెల్లే. దొంగల నుంచి తప్పించుకోనీకి హీరో పీనుగు లెక్క పాడెక్కుతడు. జనం నవ్వుతరు."

"ఇంట్ల అంత ఏడ్సుడే అన్నా. జర నవ్వు ఇననియ్."

పంపించాడు గానీ, లోపలికి తొంగిచూడలేకపోయాడు. నాటకం అయ్యాక నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఆమె నవ్విందా?"

పాడె మీద కళ్లు మూసుకుని పడుకున్నది నేనే. అయినా నవ్విందన్నాను.

ఆయన కాళ్లు ఆగాయి. నాకే, ఇన్నేళ్లయినా, నిలకడ లేదు.