పుంజుగారి షెడ్డు

లోస్ ఐతీసెస్ గుట్టల కింద పామ్ చెట్టెక్కడంలో అన్సెల్మోను మించినవాడు లేడు. నడుముకో తాడు, తొడకో తాడు బిగించి పైకి పాకి, పందుల మేతకు కాయల గెలలు నరికి దించడం అతని వృత్తి. చెట్టు మీద డేగ గూడు కనబడితే కింద పడేయడం ఊరికి చేసే ఉచిత సేవ. కోళ్లున్న ఆడవాళ్లంతా దీవించేవారు. నలభై ఏళ్లు అలా సేవ చేశాడు.

ఈలోగా ఆ డేగ మా దీవిలో తప్ప భూమ్మీద మరెక్కడా లేదనీ, ఇక్కడా కొన్ని వందలే మిగిలాయనీ రాజధాని నుంచి పక్షులవాళ్లు దిగారు. గూళ్ల ఆచూకీ తెలిసినవాడు కావాలన్నారు. ఊరంతా అన్సెల్మోనే చూపించింది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు, అతనే డేగల కాపలాదారయ్యాడు. టోపీ కూడా ఇచ్చారు.

జనానికి డేగల మీద కోపం రాకుండా ఇంటింటికీ ఇనుప వలతో కోళ్ల షెడ్డు కట్టించారు. కోళ్ల షెడ్డులో కోళ్లను పెడితే అన్సెల్మో గొప్పేముంది? కనేలో అనే తన పందెం పుంజును పెట్టాడు. పుంజుగారికి ఉడికిన గుడ్డు, కాళ్లకు రమ్ముతో మాలీషు. భార్య బెలర్మీనా పెంచే పెట్ట మాత్రం తొమ్మిది పిల్లలతో ఆరుబయట. వారంలో డేగ నాలుగింటిని తన్నుకుపోయింది.

నాలుగోది పోయిన పొద్దున బెలర్మీనా గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఏమయ్యా, నీ పుంజుకేమో మేడా, నా పిల్లలేమో డేగకి మేతా? ఇవాళ ఆ గూడు కింద పడాలి. లేదంటే నీ పుంజు కుండలో పడుద్ది."

"ఆదివారం పందెం ఉందే."

"అయితే గూడు పడగొట్టు."

పుంజును బయట కట్టేసే మూడో దారి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. సంసారమన్నాక అంతే.

అన్సెల్మో చెట్టెక్కాడు. గూట్లో ఒకటే పిల్ల. రెక్కల కింద ఈగ పురుగులు తొలిచేసి, మెడ వాల్చేసింది. ఒక్క తోపు చాలు, నలభై ఏళ్ల అలవాటే. చెయ్యి చాచితే పిల్ల అతని వేలు కొరికింది. కొరికే బలం కూడా లేదు దానికి. అన్సెల్మోకు సిగ్గేసింది. పక్షులవాళ్లిచ్చిన సంచి నడుముకే ఉంది; అందులోని పట్టకారుతో పురుగులన్నీ ఒక్కొక్కటే లాగి, మందు కొట్టి దిగాడు.

అతను గూడు పడగొట్టకుండా పిల్లకి మందు కొట్టడం బెలర్మీనా వాకిట్లోంచే చూసింది. ఇంటికొచ్చేసరికి పులుసు ఉడుకుతోంది. కర్రపెండలం, అరటికాయ, కనేలో. అన్సెల్మో ఏడ్చాడు. ఏడుస్తూనే తిన్నాడు.

"బతుకుద్దా అది?" అంది బెలర్మీనా.

"బతుకుద్ది."

"సరే. షెడ్డు ఖాళీ అయిందిగా. చెయ్యి కడుక్కుని నా పెట్టనీ, మిగిలిన అయిదింటినీ అందులోకి తోలు."